తువ్వాలు అట్టలా అయిందా? తప్పు గుడ్డది కాదు, నురగది!

దుప్పట్లు ఉతకడం, గంజి పెట్టడం, మడతలేసి బీరువాలో సర్దడం ఇవన్నీ పిల్లలకు నేర్పాలా వద్దా అని రీల్స్‌లో ఒకటే గొడవ చూస్తున్నారు కదా. ఆడపిల్లల్ని మళ్ళీ ఇంటిచాకిరీలోకి తోస్తున్నారని ఒకరు, ఈ కాలం పిల్లలకు ఏ పనీ చేతకాదని ఇంకొకరు. నేర్పాలి, మగపిల్లలకూ నేర్పాలి, ఆ సంగతి అయిపోయింది. అసలు నేర్పేవాళ్ళకు వచ్చా, అది చెప్పండి ముందు! మన ఇళ్ళల్లో ఉతకడం అందరికీ వచ్చు, జాడించడం ఎవరికీ రాదు.

మళ్ళీ చెప్తున్నా. జాడించడం రాదు మనకు.

మన అనంతపురంలో బోరు నీళ్ళు వాడే ఇంట్లో బకెట్ అంచు చూడండి, గీజర్ కాయిల్ చూడండి, తెల్లగా పొరలు కట్టి ఉంటుంది. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బార్ సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఆ సబ్బు కాల్షియంతో కలిసి తెట్టులా మారి పోగుల్లో ఇరుక్కుంటుంది, తువ్వాలు అట్టలా అయ్యేది అందుకే. అప్పుడు మనమేం చేస్తాం? నురగ రాలేదని ఇంకా రుద్దుతాం, పైన ఇంకో గుప్పెడు పౌడర్! కర్నూల్లో తుంగభద్ర నీళ్ళు వచ్చే ఇంట్లో వేసినంత సబ్బే ఇక్కడా వేస్తే సరిపోదని తెలుసు, కానీ వేసిందంతా బయటికి పంపాలన్న ధ్యాస ఎవరికుంది?

నా లెక్కలో మన బట్టల్ని పాడు చేసింది నురగ పిచ్చి. టీవీ యాడ్‌లో బకెట్ నిండా నురగ చూపించి చూపించి, నురగ ఉంటేనే మురికి పోయినట్టని మన బుర్రల్లో ఎక్కించేశారు. ముందువైపు తలుపు ఉండే (ఫ్రంట్ లోడ్) వాషింగ్ మెషీన్‌కు తక్కువ నురగ వచ్చే పౌడరే వేయమంటారు, మరి అందులో బట్టలు శుభ్రం కావడం లేదా?

దీనికి తోడు ఆ కంఫర్ట్ లాంటి వాసన నీళ్ళు! గుడ్డ మీద మెత్తటి పూత పూసేదే వాటి పని. చీరకు పోయండి, మీ ఇష్టం, కానీ తువ్వాలుకు పోస్తే ఆ పూత వల్ల నీళ్ళు పీల్చే గుణం తగ్గిపోతుంది. ఒళ్ళు తుడవని తువ్వాలు మెత్తగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

గంజి గురించి కూడా ఒక మాట, ఎందుకంటే కామెంట్లలో కొట్టుకుంటున్నారు. గంజి మంచిదే, మురికి గంజికి పట్టి ఉతుకులో దాంతోపాటే పోతుంది. కానీ గంజి పెట్టిన దుప్పటిని నెలల తరబడి బీరువాలో దాచకండి, పురుగులకు అది భోజనం. దాచేటప్పుడు గంజి లేకుండా ఉతికి, మన ఎండలో పెళపెళలాడేలా ఆరబెట్టి పెట్టండి. వాన తక్కువ పడే జిల్లా మనది, ఎండకు కరువా?

అట్టగట్టిన తువ్వాళ్ళకు సబ్బే వద్దు. బకెట్ నీళ్ళలో కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చెంచాడు కరిగించి, నానబెట్టి, మంచినీళ్ళలో జాడించండి. పట్టుచీరల జోలికి పోవద్దు, నూలు బట్టలకే. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

నమ్మకం లేదా? బీరువాలోంచి ఉతికిన తువ్వాలు ఒకటి తీసి, సబ్బు లేని ఉత్త నీళ్ళలో వేసి గట్టిగా పిసకండి. నీళ్ళు తెల్లబడ్డాయా, నురగ వచ్చిందా, ఫోటో తీసి కింద పెట్టండి.