నాలుగో రోజు మాత్ర: అమెజాన్ అడవిలో ఆరోగ్య సేవ

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు మన అతిథి కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ గారు. పాడేరు ఏజెన్సీలో పనిచేశాక, పెరూలో నాపో నది ఒడ్డున కిచ్వా అనే ఆదివాసుల ఊళ్ళో వాలంటీరుగా ఉండి వచ్చారు. మేడమ్, ముందు ఆ ఊరికి ఎలా చేరతారో చెప్పండి. మ్యాప్‌లో ఎంత వెతికినా రోడ్డే కనబడలేదు నాకు.

డాక్టర్: ఉంటేగా కనబడటానికి! ఆ ప్రాంతం పేరు లోరెతో. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికంటే చిన్నవే. జనం మాత్రం 2017 లెక్కల్లో తొమ్మిది లక్షలు కూడా లేరు. పెద్ద పట్నం ఇకితోస్. బయటి నుంచి అక్కడికి విమానంలోనో పడవలోనో రావాల్సిందే. అక్కణ్ణుంచి అమెజాన్ మీద ఇండియానా అనే ఊరికి పడవ. దిగి మోటోకార్రో ఎక్కితే, మన ఆటోలాంటిదేనండి, అడ్డదారిన మసాన్ చేరతాం. నాపో నది అక్కడే. మళ్ళీ పడవ. ఎండాకాలంలో ఇసుక మేటలు తేలతాయి కాబట్టి ఎప్పటికి చేరతామో పడవ నడిపేవాళ్ళు కూడా కచ్చితంగా చెప్పరు.

యాంకర్: వెళ్ళే ముందు ఇక్కడ ఏం సిద్ధం చేసుకోవాలి?

డాక్టర్: ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు కూడా దగ్గరుండాలి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కి పంపుతారు. రెండోది స్పానిష్. ఇంకోటి, ఇది చాలామంది అడగరు... మన దగ్గర డాక్టర్ అయినంత మాత్రాన అక్కడ మందు రాయడానికి వీల్లేదు. పెరూ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యుండాలి. నాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. అందుకే నా పని శిక్షణ, ఇంటింటి ఫాలోఅప్. వైద్యం చేసేది ఆ పోస్టాలో, అంటే వాళ్ళ సబ్ సెంటర్‌లో ఉండే హెల్త్ టెక్నీషియన్. ఊళ్ళో ఆయనకి సాయంగా ప్రొమోతోర్, మన ఆశా కార్యకర్త లాంటి మనిషి. నేను వాళ్ళిద్దరి కింద పనిచేశాను.

యాంకర్: డాక్టరై ఉండి వాళ్ళ కింద... ఇబ్బంది అనిపించలేదా?

డాక్టర్: ఎందుకండీ? ఏ ఇంట్లో ఎవరు వేటకెళ్ళారు, ఏ గర్భిణి అవతలి ఒడ్డున అమ్మగారింటికి వెళ్ళింది, ఇదంతా తెలిసింది ఆ ప్రొమోతోర్‌కి. నేను వచ్చేసినా ఆయన అక్కడే ఉంటాడు. నాకు తెలిసింది ఆయన చేతికి అందకపోతే నేనెళ్ళి ప్రయోజనమేముంది?

యాంకర్: మరి ఊళ్ళో కుదురుకోవడం?

డాక్టర్: ఎత్తు గుంజల మీద ఇళ్ళు, తాటాకు లాంటి ఆకు కప్పు. వరదకి నీళ్ళు ఇంటి కిందికి వచ్చేస్తాయి. ఏ ఇంటికెళ్ళినా ముందు గిన్నెలో మసాతో పోసిస్తారు. కర్రపెండలం ఉడకబెట్టి, ఆడవాళ్ళు కొంత నమిలి కలిపి పులియబెడతారు. వద్దంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. నేను తాగేదాన్ని. అయితే పులిసిన పిండిని పలచన చేసేది నది నీళ్ళతో. పిల్లల విరేచనాలకి ఒక దారి అదే. అలాగని మసాతో మానండి అని ఎవరికీ చెప్పలేదు. కలిపే నీళ్ళు కాచి పెట్టుకోండి అని, వంటింట్లో వాళ్ళతో కూర్చుని చెప్పాం. కొన్ని ఇళ్ళలో మొదలైంది, కొన్ని ఇళ్ళలో లేదు. కట్టెలు ఎవరు తేవాలన్నది కూడా ఉంటుంది కదా.

యాంకర్: పాడేరులో మలేరియా చూసిన మీకు అక్కడి మలేరియా కొత్తేమీ కాదేమో?

డాక్టర్: జబ్బు కొత్త కాదు. పెరూ మలేరియాలో సింహభాగం లోరెతోదే, అందులోనూ ఎక్కువ వైవాక్స్ అనే రకం. వేలి చుక్క స్లైడు మీద తీసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. వైవాక్స్ అయితే మూడు రోజులు క్లోరోక్విన్, కాలేయంలో దాక్కున్న క్రిమి కోసం ప్రైమాక్విన్. మన దగ్గర ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు, అక్కడ రోజువారీ మోతాదు పెంచి ఏడు రోజుల్లో ముగిస్తారు. గర్భిణులకీ, ఆర్నెల్ల లోపు పసివాళ్ళకీ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి ఈ మాత్రతో రక్తకణాలు చితికిపోతాయి, అందుకే రోజూ మూత్రం రంగు అడుగుతాం. ముదురు రంగులోకి మారితే మాత్ర ఆపాలి.

యాంకర్: ఏడు రోజులే కదా, తేలికే అనిపిస్తోంది.

డాక్టర్: మూడో రోజుకి జ్వరం దిగిపోతుంది. నాలుగో రోజు పొద్దున ఆ మనిషి చేపలకో పొలానికో బయల్దేరతాడు. ఒంట్లో బాగుంది, పైగా పరగడుపున మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఇక ఎందుకు వేసుకుంటాడు? కొన్ని వారాలకో నెలలకో జ్వరం తిరగబెడుతుంది. ఈలోగా దోమ ఆ క్రిమిని పక్కింటికి మోస్తుంది. నేను అక్కడ చేసిన పనిలో నాకు ఎక్కువ నచ్చింది ఈ నాలుగో రోజు పనేనండి. ప్రొమోతోర్‌తో కలిసి తెల్లవారకముందే పడవల రేవు దగ్గర నిలబడేవాళ్ళం. అరటికాయ, చేప తిన్నాక మాత్ర మా ముందే మింగి పడవెక్కేవారు. పొలంలోనే రాత్రుళ్ళు ఉండిపోయేవాళ్ళుంటే మిగతా మాత్రలు భార్యకి అప్పజెప్పేవాళ్ళం.

యాంకర్: పాములు? అడవనగానే అందరికీ ఆ భయమే.

డాక్టర్: భయపడాల్సిందే. అక్కడ హెర్గోన్ అని ఒక పాము, మన రక్తపింజరిలాగే రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మనం పీహెచ్‌సీలో చేసే ఇరవై నిమిషాల పరీక్షే అక్కడా. శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం పోసి, కదపకుండా ఉంచి, ఇరవై నిమిషాలకి వంచి చూడటం. కానీ మన విరుగుడు మందు ఆ పాముకి పనికిరాదు. అక్కడిది వేరు, దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రిజ్ లేని ఊరి నుంచి మనిషిని తీసుకెళ్ళాలంటే పడవకి పెట్రోలు కావాలి. అందుకని ఊరివాళ్ళు మీటింగు పెట్టుకుని ఒక డబ్బా పెట్రోలు అత్యవసరానికని పక్కన ఉంచారు. కాలికి బిగించి కట్టు కట్టొద్దని బడిపిల్లలకి కూడా నేర్పాం.

యాంకర్: కాన్పులు?

డాక్టర్: తాడు పట్టుకుని, గొంతుక్కూర్చుని కంటారు. 2005లోనే పెరూ ఆరోగ్య శాఖ నిలువు కాన్పుకి మార్గదర్శకాలు ఇచ్చింది. పడుకోబెట్టే తీరాలన్న పట్టు మనమూ వదలాలని నా గట్టి అభిప్రాయం. మన్యంలో ఎంతమంది తల్లులు ఆ కాన్పు బల్లకి భయపడే ఆసుపత్రికి రారో నేను కళ్ళారా చూశాను.

యాంకర్: చివరగా, మెడికల్ స్టూడెంట్లు చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు. రెండు వారాలు వెళ్ళొస్తాం అంటున్నారు.

డాక్టర్: రానూపోనూ ప్రయాణం తీసేస్తే ఒక్క మలేరియా కోర్సు పూర్తయ్యేదాకా కూడా ఉండలేరేమో. రెండు వారాలే చేతిలో ఉంటే పాడేరు రండి, భాష సమస్య తక్కువ, పని బోలెడు. అక్కడికే వెళ్తామంటే నెలలు పెట్టుకుని వెళ్ళండి. సూట్‌కేసు నిండా మందులు మోసుకెళ్ళొద్దు. మోతాదులు వేరు, ఇంగ్లీషు లేబుళ్ళు వాళ్ళు చదవలేరు. ఏం తక్కువైందో ముందే ఆ పోస్టాని అడగండి. ఒక్కోసారి వాళ్ళు అడిగేది స్లైడ్లూ, టార్చి బ్యాటరీలే.