బొమ్మ మార్చండి, గెంతు మార్చకండి

సభాధ్యక్షులకు, ఈ కళాశాల ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన లెక్చరర్ గారు చెప్పిన పొగడ్తలను ఖండించడానికి సమయం పడుతుంది కాబట్టి అన్నిటినీ ఒప్పుకుంటున్నాను. ఆహ్వానపత్రికలో నా అంశం గేమింగ్ రంగంలో ఉద్యోగావకాశాలని అచ్చు వేశారు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవారు మధ్యాహ్నం మాట్లాడబోతున్నారు. చేతికి మైకు దొరికింది కనుక నేను చాలాకాలంగా మనసులో పెట్టుకున్న విషయం చెబుతాను. ఒకప్పుడు మా తరాన్ని ఏడిపించిన ప్లాట్‌ఫామ్ ఆటలకు, అంటే గుంటలూ అంచులూ గెంతుతూ దాటే ఆటలకు, కొత్త బొమ్మలు తొడిగి రీమాస్టర్ల పేరుతో మళ్లీ అమ్ముతున్నారు కదా, అవి ఈ రోజు నిలబడతాయా అన్నదే ఆ విషయం.

ముందుగా క్రాష్ బాండికూట్‌ను తీసుకుందాం. నాటీ డాగ్ సంస్థ 1996లో ప్లేస్టేషన్ అనే టీవీ గేమ్ యంత్రం కోసం చేసిన ఈ ఆటను, దాని తర్వాతి రెండు భాగాలతో కలిపి, వికేరియస్ విజన్స్ సంస్థ 2017లో ఎన్ సేన్ ట్రిలజీగా తీసుకొచ్చింది. మొదటి ఆటలోని హై రోడ్ లెవెల్‌లో పొగమంచులో వేలాడే చెక్కవంతెన మీద విరిగే పలకలు, జారే పలకలు దాటాలి. స్లిపరీ క్లైమ్‌లో వానలో కోటగోడ పట్టుకుని పైకి పోవాలి. స్టార్మీ అసెంట్ అనే మరో లెవెల్ ఎంత కఠినమంటే, దాన్ని తయారుచేసినవారే 1996 ఆటలోంచి తీసేశారు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత రీమాస్టర్‌కు అనుబంధంగా అది వెలుగు చూసింది.

కొత్త ఆట చూడడానికి ఎంతో బాగుంది. వెంట్రుకలు కదులుతాయి, వాన తడిగా కనిపిస్తుంది. అయితే చాలా లెవెళ్లలో గుంటల వెడల్పు దాదాపు పాతదే ఉండగా, వాటి మీదుగా దూకే ఒళ్లు మాత్రం మారిపోయింది. మూడు ఆటలకూ మూడో ఆటలోని కదలికనే ఆధారంగా తీసుకున్నామని, ఆటలోని పాత్ర క్రాష్ కిందికి దిగే వేగం పెరిగిందని, తాకిడిని లెక్కకట్టే పద్ధతి కూడా వేరని తయారీదారులే అప్పట్లో వివరణ ఇచ్చారు. పాత ఆటలో పాదం అంచుకు తగిలితే చాలు, నిలబడేవాడు. కొత్త ఆటలో పాత్ర చుట్టూ ఉన్న కనిపించని హద్దు అడుగున గుండ్రంగా ఉండటం వల్ల, సరిగ్గా అంచు మీద దిగినవాడు పాచి పట్టిన చెరువు మెట్టు మీద కాలు పెట్టినట్టు జారి లోయలో పడతాడు. దూకినవాడి తప్పేమీ లేకుండానే ప్రాణం పోయింది. నా ఫిర్యాదు ఇదొక్కటే, దీన్ని ఈ సభలో ఇంకో రెండుసార్లయినా వింటారు.

ఇక్కడ మా గుంటూరు సంగతి ఒకటి చెప్పాలి. తొంభైల చివర్లో ప్లేస్టేషన్ ఇంట్లో ఉన్న కుటుంబాలు అరుదు. మా ఇంటర్ కుర్రాళ్లమంతా గంట లెక్కన డబ్బులు కట్టి వీడియో గేమ్ షాపులో ఆడేవాళ్లం. ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే మెమరీ కార్డును ఆ షాపు యజమాని పెట్టేవాడు కాదు. కార్డు ఉంటే ఆట త్వరగా పూర్తవుతుంది, పూర్తయితే పిల్లలు రారని ఆయన లెక్క. అదృష్టం కొద్దీ క్రాష్ ఆటలో, ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి పాస్‌వర్డ్ కూడా ఉండేది. కానీ లెవెల్ పూర్తి చేసినంత మాత్రాన అది ఇచ్చేవారు కాదు. దారిలో మూడు గుర్తులు ఏరుకుని, బోనస్ రౌండ్‌లోకి వెళ్లి, అందులో పడకుండా బయటపడితేనే తెర మీద త్రిభుజాలు, వృత్తాలు, చతురస్రాలు, గుణకారపు గుర్తులు వరసగా వచ్చేవి. వాటిని లెక్కల నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకునేవాళ్లం. ఒకరోజు మా లెక్కల లెక్చరర్ గారు ఆ అట్ట చూసి, ఇది ఏ అధ్యాయమని అడిగారు. మా బెంచీలో చివర కూర్చున్నవాడు లేచి, ఇంకా చెప్పని అధ్యాయం సార్ అన్నాడు. తరగతి అంతా నవ్వింది, వాడొక్కడే బయట నిలబడ్డాడు. సాయంత్రం మళ్లీ షాపుకొచ్చి, ఒక వృత్తాన్ని చతురస్రంగా రాసుకున్నట్టు తెలిసి, మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాడు.

కష్టం వెనక ఉన్న ఈ లెక్క గుంటూరుకే పరిమితం కాదు. అమెరికాలో ఆటల్ని అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి. 1994లో వచ్చిన లయన్ కింగ్ ఆటను, అద్దెకు తీసుకున్నవాళ్లు ఆ గడువులోనే పూర్తి చేయకూడదన్న ఉద్దేశంతో కఠినం చేయించారని, దాన్ని రూపొందించిన వెస్ట్‌వుడ్ సంస్థ సహ వ్యవస్థాపకుడు లూయీ కాజిల్ తర్వాతి కాలంలో చెప్పారు. ఆ రెండో లెవెల్‌లో కోతుల దగ్గర ఎంతమంది పిల్లలు ఆగిపోయారో! 2019లో దాన్ని తిరిగి విడుదల చేసినప్పుడు వెనక్కి తిప్పుకునే సౌకర్యం పెట్టారు. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. అది ఆటకు ద్రోహమని అనేవారితో నేను ఏకీభవించను. అద్దె వ్యాపారం కోసం పెట్టిన కష్టం అద్దె వ్యాపారంతోనే పోవచ్చు. క్రాష్ రీమాస్టర్ కూడా తనంతట తానే సేవ్ చేస్తుంది, అది మంచి పని. గుంట దాటడంలోని కష్టం వేరు, గుంటలో పడ్డాక అరగంట వెనక్కి నడిపించే కష్టం వేరు. రెండోదాన్ని మీరు ఎంతైనా తగ్గించండి. మొదటిదాని జోలికి వెళ్లకండి. క్రాష్ విషయంలో జరిగింది తలకిందులు: నడక తగ్గించి గెంతు చెడగొట్టారు.

వెనక బెంచీల్లోని అబ్బాయిలు ఫోన్లు పక్కన పెట్టి ఒక్క నిమిషం వినండి, ఇది మీ పనికి వచ్చే మాట. అదే 1996లో ఇంగ్లండులోని డెర్బీ నగరంలో కోర్ డిజైన్ సంస్థ టూంబ్ రైడర్ చేసింది. ఆ ప్రపంచమంతా సమానమైన గళ్లతో కట్టింది. కథానాయిక లారా నిలబడి దూకితే ఒక గడి వెడల్పు గుంట దాటుతుంది, పరుగెత్తి దూకితే రెండు, పరుగెత్తి దూకి చేతులు చాచి అంచు పట్టుకుంటే మూడు. అంచు దగ్గర నిలబడి వెనక్కి ఒక్క గెంతు వేస్తే పరుగుకు సరిపడా చోటు దొరుకుతుంది. ఇది తెలిశాక ప్రతి గుంటనూ కంటితో కొలిచి నిర్ణయం తీసుకోవచ్చు, పడితే తప్పు మనదే. 2024లో ఆస్పిర్ సంస్థ మొదటి మూడు ఆటల రీమాస్టర్ విడుదల చేసినప్పుడు ఈ గళ్లను కదపలేదు. ఒక్క బటన్ నొక్కితే కొత్త బొమ్మ స్థానంలో పాత బొమ్మ వస్తుంది, దూరం మాత్రం మారదు. ఆధునిక కంట్రోల్స్ కూడా విడిగా పెట్టారు గానీ, గళ్ల మీద కట్టిన లెవెల్‌లో వాటితో అడుగు కొలవడం కష్టమని నా అభిప్రాయం. ఈ ఆట నేటికీ నిస్సందేహంగా నిలబడుతుంది, తీరిక ఉన్నవారికి.

మన గోడ మీది టీవీని కూడా కాస్త నిందించాలి. పాత డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చిన వెంటనే బొమ్మ పడేది. ఇప్పటి టీవీలు బొమ్మను మెరుగుపరచడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు తీసుకుంటాయి. సెకనుకు 30 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము, అంటే తెర మీద పడే ఒక్కో బొమ్మ, సుమారు 33 మిల్లీసెకన్లు కాబట్టి, మన వేలు సరైన క్షణంలో నొక్కినా బొమ్మ అప్పటికే ఆలస్యంగా కనిపించి ఉంటుంది. కొందరు చెత్త రీమాస్టర్ అని తిట్టేదాంట్లో సగం తప్పు టీవీదే. సెట్టింగ్స్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టుకుని ఆ తర్వాత తిట్టమని మనవి.

మీలో కొందరు రేపు హైదరాబాద్ స్టూడియోల్లో విదేశీ ఆటలకు బొమ్మలు చేసే ఉద్యోగాల్లో చేరతారు. పాత ఆటకు కొత్త బొమ్మలు చేసే పని మీ చేతికొచ్చినప్పుడు, పాతదాన్ని పక్కన నడిపించి, గెంతు ఎన్ని ఫ్రేములు గాల్లో ఉందో, పాదం అంచుకు ఎంత దూరంలో నిలిచిందో కొలిచి చూపమని మీ బృందం లీడ్‌ను అడగండి. బొమ్మలు చేసేవాడికి ఆ సంగతులెందుకని ఆయన విసుక్కోవచ్చు. రాయి అంచును మీరు గీసిన చోట ఆటగాడి కాలు ఆగకపోతే తిట్లు మీ బొమ్మకే పడతాయని చెప్పండి.

ప్రిన్సిపాల్ గారికి ఒక విన్నపం. నా దగ్గర పాత ప్లేస్టేషన్, పనిచేసే డబ్బా టీవీ ఉన్నాయి. మీ ల్యాబులో కొత్త ఆట పక్కన పెట్టుకుంటామంటే రెండూ ఇచ్చేస్తాను, మెమరీ కార్డుతో సహా. టీవీ బరువు ఎక్కువ, ఇద్దరు కుర్రాళ్లను, ఒక ఆటోను పంపండి. సెలవు.