నార్తర్న్ లైట్స్ మనకు కనపడవు, కాని ఆ తుఫాను చౌటుప్పల్ దాక వస్తది

అందరికి నమస్కారం. నార్తర్న్ లైట్స్ అంటే ధ్రువాల దిక్కు రాత్రి ఆకాశంల కనపడే రంగుల వెలుగు. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌ల హాన్లే దగ్గర ఆకాశం ఎర్రగయింది, అక్కడి అబ్జర్వేటరీ కెమెరాలల్ల పడ్డది, ఆ ఫొటోలు మీలో చానమంది ఫోన్లల్ల చూసే ఉంటరు. ఎరుపే ఎందుకు, నార్వేల లెక్క ఆకుపచ్చ ఎందుకు లేదు? నాకైతే ఈ సైన్సు సగం ఈ ఒక్క ప్రశ్నలనే ఉందనిపిస్తది.

సూర్యుడు వెలుగొక్కటే పంపడు. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కూడ ఎప్పుడూ బయటికి వస్తనే ఉంటయి, మామూలు రోజులల్ల సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల స్పీడుతోని, దీన్నే సౌర పవనం అంటరు. ఈ కణాలు నేరుగ వచ్చి ధ్రువాల మీద పడ్తయని చాన చోట్ల రాస్తరు, అది సగం మాటే, ఇది మాత్రం నేను గట్టిగ చెప్పాలె. భూమి అయస్కాంత క్షేత్రం వాటిల చానవాటిని పక్కకు మళ్లిస్తది, ఆ తాకిడికి క్షేత్రం రాత్రి పక్కకు లక్షల కిలోమీటర్లు సాగుతది, ఆ సాగిన తోకల శక్తి పేరుకుంట పేరుకుంట పోయి ఒక దశల బలరేఖలు (అయస్కాంత క్షేత్రం ఎటు పోతుందో చూపెట్టే గీతలు) తెగి మళ్ల అతుక్కుంటయి, అప్పుడు ఎలక్ట్రాన్లు భూమి దిక్కు మళ్లి, బలరేఖల ఎంబడి దిగుకుంట ఇంకా స్పీడెక్కి, ధ్రువాల చుట్టు రింగు లెక్కుండే ప్రాంతంల మీది గాలిని గుద్దుతయి, ఆ దెబ్బకే గాలి వెలుగుతది. అంటె ఎక్కువ భాగం సూర్యుడి దిక్కుకెల్లి కాదు, వెనుక పక్కకెల్లి వస్తయి.

నార్వే సైంటిస్టు క్రిస్టియన్ బిర్కెలాండ్ 1900ల మొదట్ల గాలి తీసేసిన గాజు పెట్టెల అయస్కాంతపు గోళం పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు పంపి ఆ రింగును చేసి చూపెట్టిండు. బలరేఖల ఎంబడి కరెంట్లు పారుతయని ఆయన చెప్తె చానమంది ఒప్పుకోలే. 1917ల చనిపోయిండు, 1960లు దాటి శాటిలైట్లు కొలిచినంక గాని ఆ కరెంట్లు నిజమని తేలలే. నాకు ఆయనంటే చాన గౌరవం.

ఇగ రంగు సంగతి. 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తుల దెబ్బతిన్న ఆక్సిజన్ పరమాణువు ఒక సెకను లోపలనే ఆకుపచ్చ వెలుగు ఇడుస్తది. ఎరుపు ఇడువాల్నంటే మాత్రం దాదాపు రెండు నిమిషాలు దాన్ని ఎవ్వరు తాకొద్దు. చెర్వుగట్టు జాతరల రెండు నిమిషాలు ఎవ్వరు తగలకుంట నిలబడతరా? కింద గాలి గట్ల ఉంటది, గుద్దుకుని ఆ శక్తి పోతది. 200 కిలోమీటర్ల పైన గాలి పల్చన, అందుకే అక్కడ ఎరుపు. హాన్లేకు ఆ వెలుగు ఉత్తరాన చాన దూరంల ఉంది, కిందున్న ఆకుపచ్చ భూమి వంపు ఎనుక దాగింది, పైనున్న ఎరుపొక్కటే అంచు మీదికెల్లి కనపడ్డది. ఊదా, నీలం రంగులు నైట్రోజన్‌వి.

మరి నల్లగొండల ఎందుకు రాదు? మన దగ్గర బలరేఖలు చానవరకు అడ్డంగ పోతయి, ఆ ఎలక్ట్రాన్లు కిందికి దిగే తొవ్వ లేదు.

కాని తుఫాను, అంటే సూర్యుడి కణాలు గట్టిగ వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఊపేసుడు, మనల్ని ఇడిచిపెట్టదు. అప్పుడు భూమి చుట్టు, భూమధ్యరేఖ పైన వేల కిలోమీటర్ల ఎత్తుల ఒక కరెంటు బలపడి మన దగ్గరి అయస్కాంత క్షేత్రాన్ని తగ్గిస్తది. దాన్ని కొలిచే అబ్జర్వేటరీ మన పాత నల్లగొండ జిల్లాలనే, చౌటుప్పల్‌ల ఉంది, హైదరాబాద్‌ల ఉన్న భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ వాళ్లది. హైవే మీద ఎన్నిసార్లు దాటిపోయినమో! 2024 మేల ఈ తగ్గుదల ప్రపంచ సగటున 400 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) దాటింది. 1859 సెప్టెంబర్ల అయితే బొంబాయి కొలాబాల సుమారు 1600 పడిపోయిందని రికార్డయింది, టెలిగ్రాఫ్ ఆఫీసులల్ల నిప్పురవ్వలు లేపిన తుఫాను అది. 1989 మార్చిల ఇంకో తుఫానుకు కెనడాల క్యూబెక్ రాష్ట్రం మొత్తం 9 గంటలు కరెంటు లేకుంట ఉంది.

ఫిజిక్స్ చదివేటోళ్లకు ఒక పని చెప్త. ఇంటర్‌మాగ్నెట్ సైటుల ఇట్లాంటి అబ్జర్వేటరీల డేటా ఫ్రీగ దొరుకుతది, 2024 మే 10, 11 తేదీల గ్రాఫులు తీసి ముంగటి రోజుతోని పోల్చి చూడండి. ఇగ డౌట్లుంటే అడగండి.