ఫోన్ తెరను టీవీలో చూపించడం: మిర్రరింగ్ వేరు, క్యాస్టింగ్ వేరు

(దృశ్యం: బల్ల మీద ఫోన్, ఎదురుగా గోడకు స్మార్ట్ టీవీ.)

నమస్కారం. ఫోన్‌లో ఉన్నదాన్ని టీవీలో చూపించడాన్ని మనం ఒకే పనిగా చెప్పుకుంటాం గాని, అందులో రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. ఒకటి స్క్రీన్ మిర్రరింగ్, రెండోది క్యాస్టింగ్. వీడియో ఆగి ఆగి రావడం, ఫోన్ వేడెక్కడం, బొమ్మ లేకుండా మాటలే వినిపించడం వంటి ఇబ్బందులు చాలావరకు ఒకదానికి బదులు మరొకదాన్ని ఎంచుకోవడం వల్లనే వస్తాయి.

(దృశ్యం: ఫోన్ నుంచి టీవీకి సాగే బాణం గుర్తు.)

మిర్రరింగ్‌లో ఫోన్ తన తెర మీద కనిపిస్తున్న ప్రతిదాన్నీ సెకనుకు అనేకసార్లు చిత్రంగా పట్టుకొని, సాధారణంగా హెచ్.264 పద్ధతిలో కుదించి, వైఫై మీదుగా టీవీకి పంపుతుంది. టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. ఇన్ని మెట్లు దాటి రావాలి కనుక ఫోన్‌పై వేలు కదిపిన కొద్దిసేపటికి గాని టీవీలో ఆ కదలిక కనిపించదు. ఫోటోలు చూపించడానికి ఈ ఆలస్యం అడ్డు కాదు, వేగంగా ఆడే ఆటలకు మాత్రం అడ్డే. ఈ శ్రమంతా ఫోన్‌దే కాబట్టి బ్యాటరీ కూడా త్వరగా తగ్గుతుంది.

(దృశ్యం: ఇంటర్నెట్ నుంచి నేరుగా టీవీకి బాణం గుర్తు, పక్కన ఫోన్.)

క్యాస్టింగ్‌లో, ఉదాహరణకు యూట్యూబ్‌లో, ఫోన్ ఏ వీడియో కావాలో మాత్రమే టీవీకి చెబుతుంది. ఆ వీడియోను టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అప్పుడు ఫోన్ తెర ఆర్పివేసినా, మరో యాప్ తెరిచినా టీవీలో వీడియో సాగుతూనే ఉంటుంది. అందుచేత యాప్‌లో క్యాస్ట్ గుర్తు, అంటే మూలన తరంగాలున్న దీర్ఘచతురస్రం, కనిపిస్తే దాన్నే వాడాలని నా గట్టి సలహా. ఆ గుర్తు లేని యాప్‌ను చూపించాలన్నా, ఫోన్‌లో ఒక పని ఎలా చేయాలో పెద్దవాళ్లకు పెద్ద తెరపై నేర్పాలన్నా మిర్రరింగే సరైన దారి.

(దృశ్యం: ఫోన్ సెట్టింగ్స్ తెర దగ్గరగా.)

ఇక ఫోన్, టీవీ ఒకే భాష మాట్లాడాలి. వైఫై ప్రమాణాలు చూసే సంస్థ వైఫై అలయన్స్ 2012లో తెచ్చిన మిరాకాస్ట్ అనే మిర్రరింగ్ పద్ధతి రెండు పరికరాలను నేరుగా కలుపుతుంది కాబట్టి దానికి ఇంటి రౌటర్ కూడా అక్కరలేదు. ఐఫోన్‌లో మిరాకాస్ట్ లేదు. దానికి ఆపిల్ 2010లో ప్రవేశపెట్టిన ఎయిర్‌ప్లే అనే సొంత పద్ధతి ఉన్న టీవీ గాని, ఆపిల్ టీవీ పెట్టె గాని కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పై నుంచి కిందికి లాగితే వచ్చే పలకలో క్యాస్ట్, స్క్రీన్ క్యాస్ట్, సామ్‌సంగ్‌లోనైతే స్మార్ట్ వ్యూ అనే పేర్లు కనిపిస్తాయి. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ తెరిచి, ఒకదానిపై ఒకటి ఉన్న రెండు దీర్ఘచతురస్రాల గుర్తును నొక్కాలి. జాబితాలో టీవీ పేరు ఎంచుకొని, టీవీ అనుమతి అడిగితే ఇవ్వాలి, అంకెలు చూపిస్తే వాటిని ఫోన్‌లో కొట్టాలి.

క్యాస్ట్ గాని, ఎయిర్‌ప్లే గాని వాడేటప్పుడు టీవీ పేరే కనిపించకపోతే ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో ముందు చూడండి. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా అడ్డుకట్ట ఉండవచ్చు. ఫోన్‌లో వీపీఎన్, అంటే ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్, నడుస్తున్నా ఇదే చిక్కు రావచ్చు. పేరు కనిపించి, బొమ్మ తడబడుతుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారి, రౌటర్‌కు దగ్గరగా కూర్చుంటే తరచుగా సర్దుకుంటుంది.

(దృశ్యం: నల్లబడిన టీవీ తెర.)

చందా కట్టి చూసే సినిమా యాప్‌ను మిర్రర్ చేసినప్పుడు మాటలు వినిపిస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే అది టీవీ లోపం కాదు. నకలు తీయకుండా ఆ యాప్ పెట్టుకున్న రక్షణ అది. అలాంటప్పుడు ఫోన్‌ను పక్కన పెట్టి, టీవీలోనే ఆ యాప్ తెరవడం మేలు.

వైర్‌తో కలపాలనుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ టీవీ వెనక ఉండే హెచ్‌డీఎమ్ఐ రంధ్రానికి బొమ్మ పంపలేదు. యూఎస్‌బీ-సీ నుంచి బొమ్మను బయటికి పంపే డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉన్నట్టు ఫోన్ వివరాల్లో చూసుకున్నాకే కేబుల్ కొనండి.

(దృశ్యం: టీవీ తెర మీద పాప్‌అప్ సందేశం.)

మిర్రరింగ్ మొదలయ్యాక మీ ఫోన్‌కు వచ్చే ప్రతి సందేశమూ, బ్యాంకు ఓటీపీతో సహా, గదిలో ఉన్న అందరికీ కనిపించవచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందే సందేశాల హెచ్చరికలను ఆపే డు నాట్ డిస్టర్బ్ వేసుకొని, అవి నిజంగా తెర మీదికి రావడం లేదని ఒకసారి సరిచూసుకోండి. పని ముగిశాక టీవీ ఆపి వదిలేయకుండా ఫోన్‌లోనే డిస్‌కనెక్ట్ నొక్కండి. టీవీ మీది కాకపోతే, అది గుర్తుపెట్టుకున్న పరికరాల జాబితా నుంచి మీ ఫోన్ పేరును తీసివేయండి.