ఫోన్-ఇన్: ‘ఫ్రీయేగా, మళ్లీ వెళ్దాం’ అంటే ఎలాగమ్మా?

యాంకర్: మంగళగిరి నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. పేరు చెప్పలేనండి. ఇద్దరు పిల్లలు. చిన్నోడికి ఏడాదిన్నర. ఆర్నెల్ల కిందట నెల తప్పితే పెద్దాసుపత్రిలో తీయించుకున్నాను. పైసా తీసుకోలేదు. ఇప్పుడేమో మా ఆయన...

డాక్టర్: టీవీ సౌండ్ తగ్గించమ్మా.

కాలర్: తగ్గించానండి. మా ఆయన నిరోధ్ వాడనంటాడు. మళ్లీ వస్తే మళ్లీ వెళ్దాం, ఫ్రీయేగా అంటాడు. ఫ్రీగా చేయబట్టే మీకు భయం పోయిందని మా అత్తమ్మ. ఎవరిది కరెక్టండి?

డాక్టర్: ఇద్దరిదీ కాదు. ఫ్రీ తీసేస్తే జాగ్రత్త పెరగదమ్మా, మందుల షాపుకు పోతారు. ఒకమ్మాయి రక్తం పోతుండగా ఆటోలో వచ్చింది. చెంగున గర్భం పోయే మాత్రల అట్ట ముడేసుకుంది. ఎన్నో నెలో కూడా చూపించుకోలేదు. అవి 9 వారాల లోపే, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. సరే, ఇంటికి పంపేటప్పుడు నీకేం పద్ధతి చెప్పారు?

కాలర్: గర్భం రాకుండా లోపల కాపర్-టీ వేస్తామన్నారండి. నడుం నొప్పొస్తుందని అత్తమ్మ వద్దంది.

డాక్టర్: అదిగో, తప్పిపోయింది అక్కడ! అబార్షన్ అయిన 2 వారాల్లోపే మళ్లీ అండం విడుదల కావచ్చు. కాపర్-టీ 380ఏ 10 ఏళ్లు పనిచేస్తుంది. అది వద్దా, గర్భం రాకుండా 3 నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది. అవీ ఫ్రీయే. ఈ మాట చెప్పు మీ ఆయనకి.

కాలర్: అంటే మళ్లీ వస్తే చేయరాండి? ఆయన సంతకం కావాలా?

డాక్టర్: చేస్తారు. 18 దాటితే నీ సంతకం చాలు. కానీ అడిగిందే అడుగుతున్నావు తల్లీ. తెల్లబట్ట అవుతోందా?

కాలర్: అవునండి... వాసన కూడా.

డాక్టర్: చూశావా! అబార్షన్ సుఖవ్యాధుల్ని ఆపదు, కాపర్-టీ ఆపదు. నిరోధ్ ఒక్కటే అడ్డు. ఇద్దరూ కలిసి వెళ్లి చూపించుకోండి. నీ ఒక్కదానికి మందు వాడితే మళ్లీ అంటుకోవచ్చు. సిగ్గు పడకు.

యాంకర్: థాంక్యూ అమ్మా. పటమట నుంచి ఇంకొకరు.

కాలర్: మేడమ్, పెళ్లి కానివాళ్లకు కూడా చేస్తారా?

డాక్టర్: చేస్తారమ్మా. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది, పెళ్లయిందా లేదా అని తేడా చూపకూడదని. నీ పేరు బయటపెట్టకూడదు, అది చట్టం. ఆలస్యం చేయొద్దు. షాపు గోళీ వద్దు.

కాలర్: ఇంట్లో తెలిస్తే...

యాంకర్: లైన్ కట్టయింది. తెనాలి నుంచి, చెప్పండి సార్.

కాలర్: కలిశాక గర్భం రాకుండా వేసుకునే ఆ 72 గంటల మాత్ర నెలకు 4 సార్లు వాడొచ్చా అండి?

డాక్టర్: అది అత్యవసరానికేనయ్యా, రోజూ వాడే పద్ధతి కాదు. నెలసరి అటూఇటూ అవుతుంది. సుఖవ్యాధుల్నీ ఆపదు. నిరోధ్ నువ్వు కొనుక్కో, ఆ పిల్ల మీదకు నెట్టొద్దు.

యాంకర్: థాంక్యూ సార్. టైమైపోయింది డాక్టర్ గారూ.

డాక్టర్: ఒక్క నిమిషం. మంగళగిరి అమ్మాయీ, వింటున్నావా? మీ అత్తమ్మను కూడా తీసుకుని వెళ్లు. కాపర్-టీ చేతికిచ్చి చూపించమను, ఎంత చిన్నదో ఆమే చూస్తుంది.