పిల్లల షుగర్ వ్యాధి, పేగుల్లోని సూక్ష్మజీవులు, ఒక ల్యాబ్‌లోని మనుషులు

శ్రోతలకు నమస్కారం.

షుగర్ అనగానే మనకు నడివయసు, పెరిగిన పొట్ట, తీపి మీద మక్కువ గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆ షుగర్ సంగతి కాదు. ఎక్కువగా చిన్నపిల్లలకు, బడికెళ్ళే వయసు వాళ్ళకు, ఒక్కోసారి పెద్దవాళ్ళకు కూడా వచ్చే టైప్ 1 డయాబెటిస్ సంగతి. మన క్లోమ గ్రంథిలో లాంగర్‌హాన్స్ పుటికలనే చిన్న చిన్న కణాల గుంపులుంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వాటిని సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించాడు. వాటి పనేమిటో మాత్రం ఆయనకు అంతుబట్టలేదు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు వాటిలోనే ఉంటాయి. రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే ఆ బీటా కణాల మీద పడి నాశనం చేస్తే వచ్చేది ఈ జబ్బు. కంచే చేను మేయడమంటే ఇదే.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ అబ్బాయికి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు పడ్డ పిల్లలు కొన్ని నెలల్లోనో, ఒకటి రెండేళ్ళలోనో చనిపోయేవారు. ఇప్పుడు బతుకుతున్నారు, చదువుకుంటున్నారు, పిల్లాపాపలతో నిండు జీవితం గడుపుతున్నారు. అయితే పొద్దున్నా రాత్రీ సూది తప్పదు. కంచె చేనులో ఎందుకు పడిందన్న ప్రశ్నకు ఇన్సులిన్ జవాబు చెప్పదు.

ఈ జబ్బని తెలియగానే తల్లిదండ్రులు వేసే మొదటి ప్రశ్న, "మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అని. లేదు. మిఠాయిలు పెట్టడం వల్ల రాదు, పెంపకం వల్ల రాదు. జన్యువుల పాత్ర ఉంది, కాని అంతా జన్యువులే అనడానికీ లేదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చి రెండోవారికి ఏళ్ళ తరబడి రాకపోవడం, అసలే రాకపోవడం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. ఇంకో ఉదాహరణ. టైప్ 1 డయాబెటిస్ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా కనిపించేది ఫిన్లండ్ పిల్లల్లో. సరిహద్దు దాటి పక్కనే ఉన్న రష్యా కరేలియాకు వెళితే, ముప్పు పెంచే జన్యువులు అక్కడివాళ్ళలోనూ దాదాపు అంతే ఉన్నా, జబ్బు మాత్రం ఆరోవంతే. అంటే పుట్టిన తరవాత చుట్టూ ఉన్నదేదో పని చేస్తోంది. ఆ "ఏదో" కోసం వెతికేవాళ్ళలో కొందరి చూపు పేగుల మీద పడింది. అక్కడ కోట్ల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మన రోగనిరోధక వ్యవస్థ ఎవరిని ఓర్చుకోవాలో, ఎవరిని తరమాలో పసితనంలో చాలామటుకు నేర్చుకునేది వాటి మధ్యనే.

ఇలాంటి పరిశోధన చేసే ల్యాబ్‌లు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. వార్త వచ్చినప్పుడు ప్రొఫెసర్ పేరు వింటాం. నేను మిగతావాళ్ళ గురించి చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే ఈ ఒక్క రంగంలో, ఎలుకల బోను ఎవరు ఎలా శుభ్రం చేశారన్నదే ఫలితాన్ని తారుమారు చేయగలదు.

1980లో జపాన్ శాస్త్రవేత్తలు ఎన్‌ఓడీ అనే చుంచెలుక జాతిని లోకానికి పరిచయం చేశారు. అది లావెక్కదు, దానికి ఎవరూ ఏ మందూ ఎక్కించరు. అయినా దానంతటదే బీటా కణాలు పోగొట్టుకుని షుగర్ తెచ్చుకుంటుంది. పది ఆడ ఎలుకల్లో ఆరేడింటికి వస్తే, పది మగవాటిలో రెండు మూడింటికే వస్తుంది. వీటిని పెంచిన ల్యాబ్‌లన్నీ గమనించిన విషయం ఒకటుంది. ఎలుకల గది ఎంత పరిశుభ్రంగా ఉంటే షుగర్ అంత ఎక్కువ. గదిలోకి ఏదైనా ఇన్ఫెక్షన్ చొరబడిందా, షుగర్ తగ్గిపోతుంది. అదే జాతి ఎలుక, ఊరు మారితే జబ్బు లెక్క మారిపోతుంది.

అందుకే ఎలుకల సంరక్షకురాలి గురించి ముందు చెప్పాలి. ఆమె ఉదయాన్నే టోపీ, మాస్కు, గౌను, చేతికి గ్లవ్స్ వేసుకుంటుంది. అన్నిటికన్నా శుభ్రమైన గదిలోకి మొదట వెళుతుంది, అనుమానమున్న గదిలోకి చివర్న. ఒకసారి ఆ గదిలో అడుగుపెట్టాక ఆ రోజుకి మళ్ళీ వెనక్కి రాదు. బోనులో పరిచిన పొట్టు మారుస్తుంది, ఆవిరిలో ఉడికించి క్రిములు లేకుండా చేసిన మేత, నీళ్ళు పెడుతుంది. మేత బస్తా మారిన తేదీ, ఫలానా బోనులో విరేచనాలు పట్టుకున్న సంగతి, నీళ్ళ సీసా కారి పొట్టు తడిసిన సంగతి రిజిస్టర్‌లో రాసిపెడుతుంది. ఆరు నెలల తరవాత రెండు గుంపుల ఎలుకల మధ్య తేడా ఎందుకొచ్చిందో తెలియక అందరూ తలపట్టుకున్నప్పుడు జవాబు ఆ రిజిస్టర్‌లో దొరకవచ్చు. పరిశోధన పత్రంలో రచయితల వరసలో ఆమె పేరు ఉండటం అరుదు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఇంకా కఠినమైన కొలువు ఒకటుంది. కొన్ని ఎలుకలను పుట్టినప్పటి నుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకుండా పెంచుతారు. పారదర్శకమైన ప్లాస్టిక్ గుడారం, దాని గోడకే అతికించిన పొడవాటి గ్లవ్స్, వడకట్టిన గాలి. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువూ క్రిమిరహితం చేసిందే. తరచూ ఎలుకల పెంటికలు తీసి, ఏదైనా మొలుస్తుందేమోనని పరీక్షిస్తారు. గ్లవ్ వేలికి చిన్న చిల్లు పడితే నెలల పని మట్టిపాలు.

2008లో ఇలాంటి ఎలుకలతోనే ఒక ప్రయోగ ఫలితం వెలువడింది. యేల్, షికాగో విశ్వవిద్యాలయాల ల్యాబ్‌లు కూడా అందులో ఉన్నాయి. రోగనిరోధక కణాలు సూక్ష్మజీవులను పసిగట్టడానికి మైడి88 అనే ప్రోటీన్ కావాలి. అది లేని ఎన్‌ఓడీ ఎలుకలకు, మామూలు గదిలో పెంచితే షుగర్ రాలేదు. అవే ఎలుకలను సూక్ష్మజీవులు లేకుండా పెంచితే షుగర్ వచ్చింది. మళ్ళీ పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియాను కొన్నిటిని ఎక్కిస్తే జబ్బు తగ్గింది. అంటే పేగుల్లో జబ్బును అణిచిపెట్టే సూక్ష్మజీవులున్నాయి. ఇక్కడే ఒక మాట జోడించాలి. మార్పేమీ చేయని మామూలు ఎన్‌ఓడీ ఎలుకను పూర్తిగా క్రిమిరహితంగా పెంచినా షుగర్ వస్తుంది. కాబట్టి జబ్బుకు మూలం సూక్ష్మజీవులేనని చెప్పలేం. వేగం పెంచడంలోనూ తగ్గించడంలోనూ వాటికి చెయ్యుంది.

2013లో టొరంటో శాస్త్రవేత్తలు ఎన్‌ఓడీ మగ ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులను పాలు మరిచిన వయసు ఆడ ఎలుక పిల్లలకు ఇచ్చారు. ఆ ఆడ ఎలుకల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరిగింది, షుగర్ తగ్గింది. ఆ హార్మోన్ పనిని అడ్డుకుంటే రక్షణ సడలింది. పేగుల్లోని క్రిములు హార్మోన్ల దాకా వెళ్ళి మాట చెల్లించుకుంటాయని అంతకుముందు ఎంతమంది ఊహించి ఉంటారు?

పిహెచ్‌డీ విద్యార్థి పని చూద్దాం. వారం వారం ఎలుక తోక చివర చిన్న గాటు పెట్టి, ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద వేసి చదువుతాడు. ఇళ్ళలో పేషెంట్లు వాడే గ్లూకోమీటరే. 250 మిల్లీగ్రాములు దాటిందని రెండుసార్లు వరసగా వస్తే ఆ ఎలుకకు షుగర్ వచ్చినట్టు రాసుకుంటాడు. పెంటిక కోసం ఎలుకను ఖాళీ డబ్బాలో పెట్టి వేచి చూస్తాడు. పడగానే పట్టకారుతో ట్యూబులోకి, అక్కడి నుంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి. ఆలస్యమైతే కొన్ని బాక్టీరియా చస్తాయి, కొన్ని పెరుగుతాయి, లెక్క తప్పుతుంది.

ఎలుకలకు ఒకదాని పెంటిక ఒకటి తినే అలవాటుంది. దాంతో ఒకే బోనులో ఉన్న అయిదు ఎలుకల పేగులూ కొన్నాళ్ళకు ఒకేలా తయారవుతాయి. చూడ్డానికి అయిదు సాక్ష్యాలు, నిజానికి ఒక్కటే. పెంటికల్లోని డీఎన్‌ఏను బట్టి ఏ బాక్టీరియా ఎంత ఉందో లెక్కగట్టడానికి ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి ఈ సంగతి పట్టుబట్టి అడుగుతుంది. ఈ నమూనాలు ఏ బోనువి, డీఎన్‌ఏ ఏ రోజున తీశారు, ఏ కిట్ వాడారు? కిట్‌లోనే కాస్త బాక్టీరియా డీఎన్‌ఏ ఉండవచ్చు. అందుకని నమూనా లేని ఖాళీ ట్యూబును కూడా అన్నిటితోపాటు పరీక్షకు పంపమంటుంది. నెలల తరబడి కష్టపడినవాళ్ళకు "మీరు చూసిన తేడా బోను తేడానే" అని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ మాట వినిపించే చోటే సైన్స్ సవ్యంగా సాగుతుంది.

ఎలుకలు సరే, మనుషుల్లో ఏం తేలింది? టెడ్డీ అనే అధ్యయనం కోసం అమెరికా, ఫిన్లండ్, జర్మనీ, స్వీడన్‌లలో 4 లక్షల మందికి పైగా నవజాత శిశువులను పరీక్షించి, జన్యుపరంగా ముప్పున్న 8 వేల పైచిలుకు పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. బిడ్డకు మూడు నెలలు నిండినప్పటి నుంచి నెల నెలా మలం నమూనా తీసి పంపింది ఇంట్లో తల్లిదండ్రులే. నా దృష్టిలో వాళ్ళూ ఆ ల్యాబ్ సభ్యులే. 2018లో 783 మంది పిల్లల నమూనాలు 10 వేలకు పైగా చదివి ఫలితం ప్రకటించారు. ఫలానా బాక్టీరియాయే దోషి అని వేలు చూపించడానికి ఏదీ దొరకలేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల పేగుల్లో, పీచును పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేసే బాక్టీరియా జన్యువులు కాస్త ఎక్కువగా కనిపించాయి. అంతవరకే.

ఫిన్లండ్, ఎస్టోనియా, రష్యా పసిపిల్లలను పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. మొదటి రెండు దేశాల పిల్లల పేగుల్లో బాక్టీరాయిడ్స్ జాతి క్రిములు ఎక్కువ. వాటి పైపొరలోని పదార్థం రోగనిరోధక కణాలను పెద్దగా కదిలించదు. రష్యా పిల్లల్లో ఎక్కువగా ఉన్న ఇ. కోలై పైపొర బాగా తట్టిలేపుతుంది. పసితనంలో ఆ శిక్షణ అందకపోవడమే కారణమా అన్నది వాళ్ళ అనుమానం. ఎన్‌ఓడీ ఎలుకలకు ఇ. కోలై పైపొర పదార్థం ఇస్తే షుగర్ తగ్గింది, బాక్టీరాయిడ్స్‌ది ఇస్తే తగ్గలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆమ్‌స్టర్‌డామ్ ప్రయోగం, 2021లో అచ్చయింది. కొత్తగా టైప్ 1 వచ్చిన 20 మంది యువతీయువకులను తీసుకున్నారు. సగం మందికి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన సూక్ష్మజీవులు, మిగతా సగానికి, పోలిక కోసం, వాళ్ళవే వాళ్ళకు ట్యూబు ద్వారా చిన్నపేగులోకి ఎక్కించారు. ఆరోగ్యవంతులవే మేలు చేస్తాయని ఎవరైనా అనుకుంటారు. ఏడాది తరవాత చూస్తే, ఇన్సులిన్ తయారుచేసే శక్తిలో మిగిలినదాన్ని బాగా నిలుపుకున్నది తమవే తాము పుచ్చుకున్నవాళ్ళు. చిన్న ప్రయోగం, దీని మీద చికిత్స కట్టలేం. కాని "మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా" అని రెండు ముక్కల్లో తేల్చేసే ప్రకటనలకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

అందుకే స్పష్టంగా చెబుతున్నాను. మేలు చేస్తుందని బాక్టీరియా కలిపి అమ్మే ప్రోబయోటిక్‌లలో టైప్ 1 డయాబెటిస్‌ను నయం చేసేది ఈ రోజుకు ఏదీ లేదు. ఎవరు ఏ పొడి, ఏ క్యాప్సూల్ అమ్మినా ఇన్సులిన్ ఒక్క పూట కూడా మానకండి, మానితే ప్రాణం మీదికి వస్తుంది. పసివయసులో యాంటీబయాటిక్స్ కొన్ని ఎలుకల ప్రయోగాల్లో షుగర్‌ను తొందరపెట్టిన మాట నిజం. అంతమాత్రాన నిమోనియా వచ్చిన బిడ్డకు డాక్టర్ రాసిన మందు ఆపకూడదు. అవసరం లేని జలుబుకు అడిగి రాయించుకోకుండా ఉంటే చాలు.

ఆశ ఎక్కడుందంటే, జబ్బు బయటపడటానికి నెలలు, ఏళ్ళ ముందే, బీటా కణాల మీద దాడికి గుర్తుగా, రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తాయి. ఆ దశలో 8 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇచ్చే టెప్లిజుమాబ్ అనే మందును 2022 నవంబరులో అమెరికా అనుమతించింది. ప్రయోగంలో అది జబ్బును దాదాపు రెండేళ్ళు వెనక్కి నెట్టింది. సూది లేని రెండేళ్ళంటే ఆ పిల్లలకు తక్కువేమీ కాదు. సూక్ష్మజీవుల ల్యాబ్‌లు కొన్ని ఇప్పుడు ఆ నడిమి కాలం మీద దృష్టి పెట్టాయి.

చివరిగా, తల్లిదండ్రులు, టీచర్లు ఇది రాసిపెట్టుకోండి. బిడ్డ విపరీతంగా నీళ్ళు తాగుతుంటే, మాటిమాటికీ మూత్రానికి వెళుతుంటే, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, బాగా తింటున్నా చిక్కిపోతుంటే ఆ రోజే రక్తంలో షుగర్ చూపించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఊపిరిలో పండ్ల వాసన, మగత కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గ్లూకోమీటర్ పరీక్షకు ఒక చుక్క రక్తం చాలు, కొన్ని సెకన్లలో తెలిసిపోతుంది.

సెలవు. నమస్కారం.