రెనో నిద్రపోయే పాట

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క చిన్న సంగీతం గురించి చెబుతాను, ఎందుకంటే అది నాకు చాలా ఇష్టం, ఉన్న సమయంలో దాని గురించైనా తృప్తిగా మాట్లాడాలని ఉంది.

1686లో పారిస్‌లో, ఫ్రెంచి రాజకొలువు స్వరకర్త లుల్లీ స్వరపరిచిన 'ఆర్మీద్' అనే ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, మొదటిసారి ఆడారు. రెండో అంకంలో రెనో అనే వీరుడు ఒంటరిగా నది ఒడ్డుకు వస్తాడు. ఆ చోటంతా ఆర్మీద్ అనే మంత్రగత్తె పన్నిన మాయ. అతనికి ఆ సంగతి తెలీదు. అతను పాట ఎత్తుకోకముందే వయొలిన్లు మొదలవుతాయి, గట్టిగా కాదు, ధ్వనిని మెత్తబరిచే మ్యూట్‌లు తగిలించుకుని, గొంతు తగ్గించుకుని, అలల్లాగా. చూసేకొద్దీ ఈ చోటు ఎంత బాగుందో అని పాడుతూ పాడుతూ నిద్రలోకి జారిపోతాడు. తర్వాత ఆమె కత్తి పట్టుకుని రావడం, చంపలేక ఆగిపోవడం వేరే కథ. మనకు కావలసింది ఈ నిద్ర. ఈ నిద్ర ఒక్కటే.

ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ కొలువులో రోబేర్ ద వీజే అనే విద్వాంసుడు ఉండేవాడు. ఆయన ఈ వయొలిన్ సంగీతాన్ని థియోర్బో మీదికి తెచ్చుకున్నాడు. థియోర్బో అంటే పొడుగు మెడ ఉన్న పెద్ద ల్యూట్, వేళ్లతో మీటే తీగవాయిద్యం, సాధారణంగా 14 తీగలు. లుల్లీ తీగవాయిద్యాలకు ఒకేసారి మోగే 5 వరసలు రాశాడు, ఇక్కడున్నవి ఒక మనిషి రెండు చేతులు. అందుకని పై వరస ఉంటుంది, కింద మంద్రం ఉంటుంది, మధ్యలోవి అక్కడక్కడా తగులుతాయి. కమానుతో అయితే స్వరాన్ని ఎంతసేపైనా లాగచ్చు, ఇక్కడ మీటగానే స్వరం సన్నబడిపోవడం మొదలవుతుంది. నా చెవికైతే అదే ఈ పాటకు అందం, వయొలిన్‌కు మ్యూట్ పెట్టి తెచ్చిన మెత్తదనం ఈ నరపు తీగలకు పుట్టుకతోనే ఉంది.

వాయించేవాళ్లకు ఒక్క మాట. ఈ సంగీతం మామూలు స్వరలిపిలో ఉండదు, టాబ్లచర్‌లో ఉంటుంది: ఆరు గీతలు, వాటి మీద అక్షరాలు. ఏ తీగ, ఏ మెట్టు, ఎప్పుడు మీటాలి, అన్నీ చెబుతుంది. ఆ స్వరాన్ని ఎంతసేపు నిలపాలో మాత్రం చెప్పదు. అక్షరాలు చూసి వాయిస్తే అన్నీ సరిగ్గానే పడతాయి, పాట మాత్రం ముక్కలుముక్కలుగా వినపడుతుంది. నేను చాలా రోజులు అలాగే వాయించాను.

మన వీణ విద్వాంసులు కృతిని సాహిత్యం మనసులో పాడుకుంటూ మీటుతారు కదా, ఇక్కడా అదే చేయాలి. వాయిద్యం పక్కన పెట్టి, ఆపెరా స్కోరు తెరిచి, పై వరస గొంతెత్తి పాడండి. తర్వాత మంద్రం పాడండి. మళ్లీ పై వరస పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడ పెన్సిల్‌తో టాబ్లచర్ మీద చిన్న గీత పెట్టండి. ఇక ఆ గీత వచ్చేదాకా, వేరే తీగకు తప్పనిసరిగా కావాల్సి వస్తే తప్ప, నొక్కిన వేలిని తీగ మీంచి తీయకండి.